వేసవి నీళ్ళలో ఆకుపచ్చ పీపా

పడవ నడపడం నేర్చుకోవాలంటే ముందు వంటింటి నేల తుడవాలని నాకెవరూ చెప్పలేదు. అత్తయ్య తుడిపించింది. తడి ఆరాక బుట్టలోంచి పండు టమాటాలు, పచ్చి టమాటాలు ఏరి, గుమ్మం దగ్గర నుంచి పొయ్యి గట్టు దాకా రెండు వరసలుగా పేర్చింది. టమాటాలు నీళ్ళ మీద దారి చూపే పీపాలట, గుమ్మం ఆనకట్ట అట. పొయ్యి గట్టేమో, ఏరు వచ్చి సరస్సులో కలిసే చోటు. నా చేతికి చీపురుకట్ట ఇచ్చి, ఇదే చుక్కాని అనుకుని నడువు అంది.

"పైకి వెళ్ళేటప్పుడు ఎరుపు నీ కుడిచేతికి రావాలి, ఆకుపచ్చ ఎడమచేతికి. రెండిటి మధ్యనే లోతు. పక్కకు పోయావంటే రాళ్ళే."

ఇంతేనా అనుకుంటూ నడిచాను. పొయ్యి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఎరుపును మళ్ళీ కుడిచేతికే పెట్టుకుని దర్జాగా బయలుదేరాను. నాలుగడుగులు వేశానో లేదో గోడవారగా ఉన్న బియ్యం డబ్బాకు మోకాలు కొట్టుకుంది. లాంచీ నిండా జనాన్ని ముంచేశావని అత్తయ్య నింపాదిగా చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు చేతులు మారతాయి, పీపాలు ఎక్కడివక్కడే ఉంటాయి, తిరిగింది నువ్వు కదా అంది. మోకాలు రుద్దుకుంటూ, ఈ మాట ముందే చెబితే మీ సొమ్మేం పోయిందని అడిగాను. ముందే చెబితే గుర్తుండదట. ముక్కు మీద కోపం ఉన్న కోడలు మాట విరుపు ఉన్న అత్త దగ్గర చదువు చెప్పించుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ సాయంత్రం కూరలోకి వచ్చిన టమాటాలు రెండు సార్లు మునిగి తేలినవి.

మా ఇల్లు రేవు నుంచి పైకి వచ్చే వీధిలో ఉంటుంది. సరస్సు పొడుగాటిది. కింద ఆనకట్ట, పైన ఏరు, మధ్యలో కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరిగి నీళ్ళను నొక్కే ఇరుకు చోటు ఒకటి. దాన్ని మెడ అంటారు. అడుగున రాళ్ళున్న చోట, దారి చెప్పడానికి గొలుసుతో కట్టి నీళ్ళ మీద తేల్చిన రంగు గుర్తులుంటాయి. పుస్తకంలో వాటి పేరు బోయాలు. రేవులో అందరూ పీపాలే అంటారు. ఎర్రవాటి తల బల్లపరుపుగా ఉంటుంది, ఆకుపచ్చవాటి తల మొనదేలి ఉంటుంది, మసక వెలుతురులో రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది. నలుపు ఎరుపు పట్టీలతో, నెత్తిన రెండు నల్ల గుండ్లతో ఉండే పీపా ఒకటి ఉంది. దాని కిందే రాయి. ఏ వైపు నుంచీ దగ్గరికి పోకూడదు. మా మామయ్య దానికి అత్తయ్య పేరు పెట్టాడు. దూరంగా ఎంతసేపు తిరిగినా ఏమీ అనదు, దగ్గరికి వెళితేనే ప్రమాదం అని ఆవిడ వినేట్టుగానే అనేవాడు. ఆవిడ వినీ విననట్టు చుక్కాని పట్టుకుని ఎదురుగా చూస్తూ ఉండేది, పెదవి మాత్రం ఒక పక్కకు వంగేది.

అత్తయ్య ఆ రేవులో లాంచీ నడిపే ఒకే ఒక్క ఆడ సరంగు. లాంచీ ఆవిడకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. అందరూ సరంగమ్మ అంటారు. మామయ్య ఇంజను చూసుకునేవాడు. మా ఆయన పాలపళ్ళ నాటి నుంచి ఆ లాంచీలోనే పెరిగాడు. నడక కంటే ముందు చుక్కాని పట్టాడని మామయ్య చెప్పుకునేవాడు. రేవులో మా ఆయన పేరు చిన్న సరంగు.

ఇది నా టమాటాల చదువుకు ముందు, రెండేళ్ళ కిందటి మాట. ఆ వేసవిలో ఒక రోజు అత్తయ్యకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. మా ఆయన, మామయ్య కలిసి పిండి బస్తాలతో పైకి బయలుదేరారు. జనం ఎవరూ లేరు. మెడ దగ్గర ఆకుపచ్చ పీపా పక్కన లాంచీ రాయిని గుద్దుకుంది. తాడు సర్దడానికి ముందుకు వెళ్ళిన మామయ్య ఎగిరి పడ్డాడు, తల రాయికి తగిలింది. మా ఆయన దూకి, ఆయన్ని ఎత్తి పట్టుకుని, ఇంకో పడవ వచ్చే దాకా ఆ నీళ్ళలోనే నిలబడ్డాడు. రేవుకు చేర్చేసరికి మామయ్య లేడు.

విచారణకు వచ్చినవాళ్ళు పీపాను ఏ చేతికి పెట్టుకున్నావని అడిగారు. మా ఆయన "తప్పు నాదే" అన్నాడు. ఎలా జరిగిందని అడిగినా అదే మాట, ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఇంక వాళ్ళు మాత్రం ఏం రాసుకుంటారు? పీపాను తప్పు చేతికి పెట్టుకున్నాడని తేల్చి, లైసెన్సు తీసేశారు. వంటింటి నేల మీద మొదటి రోజు నేను చేసిన తప్పు, తల్లి ఒడిలో సరస్సు చదువుకున్నవాడు చేశాడని ఊరంతా నమ్మింది. కన్న తండ్రిని చంపుకున్నాడు పాపం అని జాలిగానే అన్నారు. జాలి మాటకు బదులు చెప్పడం తిట్టుకు బదులు చెప్పడం కంటే కష్టం.

అప్పటి నుంచి ఆయన రేవు వైపు వెళ్ళలేదు. మా మంచం సరస్సు వైపు గదిలోంచి వీధి గదిలోకి మారింది. ఆ గదిలోనే బల్ల వేసుకుని జనం తెచ్చిచ్చే ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగు చేస్తాడు. అన్నం పెడితే తింటాడు. ఉప్పు కావాలంటే ఉప్పు అంటాడు. తల్లి ఆ గదిలోకి వస్తే చేతిలో ఏ పని లేకపోయినా ఒక మర తీసి బిగించడం మొదలుపెడతాడు. ఆవిడ కాసేపు నిలబడి, వెళ్ళిపోతుంది. ఒకే ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండేళ్ళు ఎలా గడిపారో చూసిన నాకే నమ్మకం కలగదు.

అత్తయ్యకు చూపు తగ్గుతోంది. దూరాన పీపా ఉందని తెలుస్తుంది గాని రంగు ఆనదు. వచ్చే ఏడు ఆవిడకు లైసెన్సు ఇవ్వబోమని చెప్పేశారు. ఇంట్లో ఎవరో ఒకరు పరీక్ష నెగ్గకపోతే లాంచీని అమ్మాలి, అది వేరే ఇంటికి పోతుంది. అందుకే నేను నేర్చుకుంటున్నానని అందరికీ చెప్పాను. నిజానికి నాకు లాంచీ మీద మోజు లేదు. నాకు కావలసింది మా ఆయన. లాంచీ ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు ఎక్కుతాడని, ఎక్కితే మనిషి అవుతాడని నా ఆశ. అది పోతే ఆ వీధి గదిలోంచి ఆయన ఇంక బయటికి రాడని నా భయం. ఇంతకు మించి నాకు వేరే ఉద్దేశం లేదు.

వానాకాలం వెళ్ళాక నేల మీది చదువు నీళ్ళ మీదికి మారింది. అత్తయ్య నా వెనక నిలబడేది. నేను తప్పు చేస్తే మాట్లాడేది కాదు, గొంతు సవరించుకునేది. ఆ చప్పుడుకు నా తల ప్రాణం తోకకు వచ్చేది. అయినా నెలలు గడిచే కొద్దీ చెయ్యి కుదిరింది. కనుచూపు మేరలో ఎర్ర చుక్క కనబడగానే ఆలోచించకుండానే చుక్కాని కదిలేది. పైకి వెళుతున్నామా, కిందికి వస్తున్నామా అని మొదట నన్ను నేనే అడిగి, తరవాతే రంగు చూడాలని ఒళ్ళు నేర్చుకుంది. మొదట్లో నవ్విన సరంగులు కూడా నవ్వడం మానేశారు.

ఒక్క విషయంలో మాత్రం వెక్కిరించేవారు. మా రేవులో ఒక పద్ధతి ఉంది. నేర్చుకునేవాళ్ళు పీపాకు ఎంత దగ్గరగా పడవ తీసుకువెళ్ళాలంటే, అంచు తగలకుండా చెయ్యి చాచి దాన్ని ముట్టుకోవాలి. ముట్టుకుంటే దాని ఒంటి మీద పాచి అరచేతికి అంటుతుంది. ఆ పచ్చటి చెయ్యి తెచ్చి రేవు పాకలో పెద్ద సరంగులకు చూపించాలి. చూపిస్తేనే సరంగు. అత్తయ్య వాళ్ళ నాన్నకు అలా చూపించింది. మా ఆయన చిన్నప్పుడే అత్తయ్యకు చూపించాడు. ఆ తరవాత కూడా అలవాటు పోక, దారిలో ఉన్న ప్రతి పీపానూ పలకరిస్తున్నట్టు తట్టుకుంటూ వెళ్ళేవాడు.

నన్ను మాత్రం అత్తయ్య ముట్టుకోనివ్వలేదు. అన్ని పీపాలకూ దూరంగానే పొమ్మనేది. మెడ దగ్గర ఆకుపచ్చ పీపా వచ్చిందంటే మరీను, లాంచీ వెడల్పుకు రెండింతలు జరిగితే గాని ఊరుకునేది కాదు. పక్క నుంచి పోయే లాంచీల వాళ్ళు, సరంగమ్మ కోడలు సరస్సుకు ప్రదక్షిణం చేస్తోందని కేకలు వేసేవారు. నాకు ఒళ్ళు మండేది. నా చేతి మీద మీకు నమ్మకం లేదా అని ఒక రోజు నిలదీశాను. చెప్పింది చెయ్యమని మాత్రం అంది, అది కూడా నా మొహం చూడకుండా.

మళ్ళీ వేసవి వచ్చింది. సరస్సు బాగా కిందికి దిగింది. ఒడ్డున రాళ్ళ మీద చలికాలపు నీటి గీత నా తలకంటే ఎత్తున తెల్లగా కనబడుతోంది. ఆ మధ్యాహ్నం అత్తయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నేను మా చిన్న తెడ్ల పడవ తీసుకుని మెడకు బయలుదేరాను. పీపాను ముట్టుకుని, ఆ చెయ్యి కడుక్కోకుండా పాకలోకి వెళ్ళి అందరి మొహాన చూపించాలన్నదే నా పంతం.

గాలి సరస్సు నడిమి నుంచి ఒడ్డు వైపు వీస్తోంది. పైకి వెళుతున్నాను కాబట్టి ఆకుపచ్చ పీపాను ఎడమచేతికి పెట్టుకున్నాను. పద్ధతి ప్రకారం లోతు నా వైపు, రాయి పీపాకు అవతల. చెయ్యి చాచాను. పాచి అంటింది. నన్ను నేను మెచ్చుకుంటూ తెడ్డు వేశాను. తెడ్డు ఠక్కున రాయికి తగిలింది.

పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ దింపాను. మోకాలి లోతున రాయి. అటు దింపాను, ఇటు దింపాను. పీపాకు నేనున్న వైపు, అంటే లోతు ఉండాల్సిన వైపు, అంతా రాయే. ఇదెలాగని పీపాను పట్టుకుని, దాని కింది గొలుసును కొంచెం పైకి లాగాను. నిలువుగా కిందికి దిగాల్సిన గొలుసు రాయి మీద పడుకుని ఉంది. రాయి అంచు దాకా ఏటవాలుగా పాకి, అక్కడి నుంచి లోతులోకి జారిపోయింది. దాన్ని కట్టిన బరువు అంచుకు అవతల, నడిమి వైపు లోతులో ఉందన్నమాట.

అప్పుడు అర్థమైంది. సరస్సు నిండుగా ఉంటే గొలుసు బిగుసుకుని, పీపా రాయి అంచున కాపలాదారులా నిలబడుతుంది. నీళ్ళు దిగితే గొలుసు వదులు. ఆ వదులు ఉన్నంత మేర పీపా గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గాలి ఒడ్డు వైపు వీస్తే రాతి మీదికే ఎక్కి కూర్చుంటుంది. దాన్ని సరైన చేతికి పెట్టుకుని, ముట్టుకునేంత దగ్గరగా వెళ్ళినవాడు నేరుగా రాతి మీదికి పోతాడు.

మా ఆయన తప్పు చేతికి పెట్టుకోలేదు. పెట్టుకోవలసిన చేతికే పెట్టుకున్నాడు. ఆ నీళ్ళ మధ్య ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను, ఏడ్చాను. ఈ మాట ఆయనకు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అని తెడ్లు విరిగిపోతాయా అన్నట్టు వెనక్కి వేశాను.

సగం దూరం వచ్చాక నా చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. ఆయనకు పీపాను ముట్టుకుంటూ వెళ్ళడం నేర్పిందెవరు? నన్నెందుకు ముట్టుకోనివ్వడం లేదు? అత్తయ్యకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ డాక్టరు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. నా అరచెయ్యి ఆవిడ మొహం ముందు పెట్టాను. రంగు ఆనకపోయినా పాచి వాసన తెలుస్తుంది కదా. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కోపంగా మొదలుపెట్టి, మధ్యలో కోపం పోయి, చివరికి ఏం మాట్లాడుతున్నానో తెలియకుండా ఆపేశాను.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ నాన్న రోజుల్లో సరస్సు ఏడాది పొడుగునా నిండుగానే ఉండేది, ముట్టుకుని రమ్మనడంలో తప్పు లేదు. తరవాత పట్నానికి నీళ్ళు తోడడం మొదలైంది. వేసవిలో పీపాలు తిరుగుతున్నాయని ఆవిడ కంటికి తెలిసింది, చేతికి తెలిసింది, చెయ్యి దానంతట అదే దూరం జరిగింది. నోటితో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు దిగిన రోజుల్లో చుక్కాని తనే పట్టుకునేది కాబట్టి కొడుక్కి చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆ జ్వరం రోజు దాకా.

"మంచంలో పడుకుని వాడికి అన్నీ చెప్పానమ్మా. డీజిలు చూసుకోమన్నాను, తాడు పాతబడింది మార్చమన్నాను, నాన్నకు మాత్ర వెయ్యమన్నాను. ఇదొక్కటి చెప్పలేదు."

మరి ఆ తరవాతైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"చెప్పాలని రోజూ వాడి గదిలోకి వెళతాను. వాడికి నాన్న పోయాడు. ఇది చెబితే అమ్మ కూడా పోతుంది కదా అనిపించి, తిరిగి వచ్చేస్తాను."

జాలి కలగలేదని అబద్ధం చెప్పను. కాని జాలి కంటే కోపమే ఎక్కువ కలిగింది. మీకు అమ్మతనం పోతుందని భయం, నాకు మొగుడు ఎప్పుడో పోయాడు, బల్ల ముందు కూర్చున్నది ఆయన చొక్కా మాత్రమే అన్నాను. నేను చెప్పను, మీరే చెప్పాలి, మీరు చెప్పే దాకా పరీక్షకు కూర్చోను, లాంచీ ఎవరింటికి పోతే నాకేం అని లేచి వచ్చేశాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకోవడం కూడా మర్చిపోయి ఎండలోకి చూస్తూ కూర్చుంది.

తరవాత రోజుల్లో ఆవిడ కొడుకు గది గుమ్మం దాకా వెళ్ళడం, మర బిగించే చప్పుడు వినబడడం, ఆవిడ వెనక్కి రావడం మామూలుగానే జరిగాయి. నేను లెక్కపెట్టడం మానేశాను. పరీక్ష రేపనగా ఆ పొద్దున రేవు పాకలో సరంగులంతా టీ తాగుతున్నారు. మేమిద్దరం డీజిలు డబ్బా కోసం లోపలికి వెళ్ళాం. అందరిలోకీ పెద్దవాడు, గెడ్డం సరంగు, నన్ను చూసి ఆట పట్టించాడు. రేపు పరీక్ష కదా, ఏదీ, పచ్చ చెయ్యి చూపించలేదేం, ముట్టుకోకుండానే సరంగువైపోతావా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నోటి దాకా వచ్చిన మాట మింగాను. అది చెప్పవలసింది నేను కాదు.

అత్తయ్య డబ్బా కింద పెట్టింది.

"ముట్టుకోదు. నేనే వద్దన్నాను. ఇకపైన మీరు కూడా ఎవరినీ ముట్టుకుని రమ్మనకండి" అంది. పాకలో నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆవిడ గొలుసు గురించి, వేసవి నీళ్ళ గురించి, గాలి గురించి చెప్పింది. పరీక్షలో అప్పజెప్పినట్టు ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. గెడ్డం సరంగు చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నా కొడుకు పీపాను సరైన చేతికే పెట్టుకున్నాడు. వాడు నేర్చుకున్నట్టే వెళ్ళాడు. నేర్పింది నేను. వాళ్ళ నాన్న నా పాఠం వల్ల పోయాడు, వాడి వల్ల కాదు. ఇన్నాళ్ళూ మీరంతా వాణ్ణి అంటుంటే విని ఊరుకున్నాను."

ఈ మాట మా ఆయనకు చేరవెయ్యడానికి ఎవరో పాక వెనక నుంచి వీధిలోకి పరుగెత్తారు. మా ఇల్లు ఎంత దూరమని?

నేను రేవు మెట్ల మీదికి వచ్చి వీధి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన వస్తున్నాడు. చెప్పులు లేవు, చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. రెండేళ్ళ తరవాత ఆ మెట్లు దిగుతున్నాడు. దిగుతున్నానని ఆయనకు తెలిసినట్టు కూడా లేదు. ఇక చాలు, మనిషి తేలికపడ్డాడు, తల్లిని పట్టుకుని ఏడుస్తాడు, నేను పక్కన నిలబడి ముక్కు చీదుకుంటాను అని అనుకున్నాను. ఆయన మొహం దగ్గరికి వచ్చాక అది కాదని తెలిసింది. ఆయనకు అంత కోపం రాగా నేనెప్పుడూ చూడలేదు.

పాకలోంచి అత్తయ్య బయటికి వచ్చింది. ఆయన సూటిగా ఆవిడ ముందుకు వెళ్ళాడు.

"నిన్నెవరు చెప్పమన్నారమ్మా?"

ఆవిడ కంగారు పడింది. నీ తప్పు లేదురా, నీకు తెలియదు, ఆ గొలుసు వేసవిలో, అంటూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టబోయింది.

"నాకు తెలుసు" అన్నాడు. "ఆ రోజే తెలుసు. నాన్నను ఎత్తుకుని నిలబడింది ఆ రాతి మీదే కదా. పీపా లాంచీకి ఎడమ పక్కనే ఉంది. నా కాలికి గొలుసు తగులుతూనే ఉంది."

అత్తయ్య గుమ్మం గుంజ పట్టుకుంది. ఈ మనిషి పక్కన రెండేళ్ళు పడుకున్నాను. నాకు కూడా ఒక్క ముక్క చెప్పలేదు.

తెలిసి ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది. ఊరంతా అన్ని మాటలంటుంటే ఎలా పడ్డావురా అంది. ఆయన కోపమంతా ఎక్కడికి పోయిందో, తల దించుకున్నాడు.

"నాన్న కూడా చూశాడమ్మా. పీపా సరైన వైపే ఉంది కదరా అన్నాడు. ఉంది నాన్నా అన్నాను. కాసేపు కళ్ళు మూసుకుని, అయితే మీ అమ్మకు చెప్పకురా అన్నాడు. తరవాత ఇంకేం మాట్లాడలేదు."

పాకలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తలలు తిప్పుకున్నారు. మామయ్య పోయిన రోజు కూడా అత్తయ్య మొహం అలా చూడలేదు నేను. ఆవిడ జీవితంలో అడగాలనుకుని అడగలేకపోయిన మాట ఒక్కటే, మామయ్య ఆఖరికి ఏమన్నాడన్నది. ఆ జవాబు ఇప్పుడు వచ్చింది.

ఆవిడ ఒక్కో మెట్టూ తడుముకుంటూ కొడుకు నిలబడ్డ మెట్టు మీదికి దిగింది. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని నాకు అందించింది. ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు చెప్పలేదు కదరా. నాకు నేనే తెలుసుకున్నాను, నేనే చెప్పుకున్నాను. మీ నాన్న మాట నువ్వు తప్పలేదు."

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మెట్టు మీదే కూలబడి "నాన్నా" అన్నాడు. పసివాడు పిలిచినట్టు పిలిచాడు. అత్తయ్య పక్కన కూర్చుని ఆయన తలను ఒళ్ళోకి లాక్కుంది.

రెండేళ్ళుగా ఆ గదిలో ఆయన తండ్రి కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. ఏడవడానికి ఆయనకు తీరిక ఎక్కడిది? తల్లి గదిలోకి వచ్చినప్పుడల్లా ఆ మాట నోరు జారకుండా మర బిగించుకుంటూ కూర్చున్నాడు. ఏడవడం ఇప్పుడు మొదలుపెట్టాడు. పై ఊరికి వెళ్ళవలసిన జనం మెట్ల పైన సంచులతో నిలబడి ఉన్నారు. ఎవరూ తొందర పెట్టలేదు. నేను వాళ్ళకు అడ్డంగా నిలబడి, కాసేపు ఆగండి, లాంచీ ఇప్పుడే బయలుదేరదు అని చెప్పాను.